కానుగ చెట్టు ఎవరి మనోభావం?

గేదెల సన్యాసిరావు మాస్టారు పుస్తకం రాసుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. దాన్ని అచ్చు వేయిద్దామని ఆయన బయల్దేరాకే, రేవులపాడులో ప్రతి చెట్టుకీ ఒక మనోభావం అంటుకుని ఉందని తేలింది.

మాస్టారు ఆ ఊరి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక మనిషన్నవాడు భక్తిలోకి గాని రాజకీయంలోకి గాని దిగుతాడు. ఈయన చెట్లలోకి దిగారు. బస్టాండు నుంచి రేవుకి పోయే పాత రోడ్డుకి రెండు పక్కలా ఉన్న చెట్లంటే ఆయనకి ప్రాణం. ఏది ఎప్పుడు పూస్తుంది, ఏ కొమ్మ మీద ఏ పిట్ట కాపురం చేస్తుంది, ఎండ ఎక్కాక ఎవరు ఏ నీడకి చేరతారు, అంతా చెట్టుకో అధ్యాయం చొప్పున రాసి 'రేవు రోడ్డు చెట్లు' అని పేరు పెట్టుకున్నారు.

ఆ తొందరకి కారణం ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారనీ, చెట్లన్నీ కొట్టేస్తారనీ ఊరంతా గుప్పుమంది. పుస్తకం ముందుగా వస్తే జనం చదివి, అయ్యో ఇలాంటి చెట్లనా అని అడ్డం పడతారని మాస్టారి ఆశ. పుస్తకం చదివి జనం రోడ్డు మీదకొస్తారని నమ్మడానికి ఒక వయసుంటుంది. ఆ వయసు ఆయనకి ఎప్పుడో దాటిపోయింది గాని నమ్మకం మాత్రం దాటలేదు. భార్య అప్పలనర్సమ్మ ఆ మాటే మొహమాటం లేకుండా చెప్పి, కళ్ళజోడు తుడిచి చేతికిచ్చింది.

సరిగ్గా ఆ ఏడే ప్రభుత్వం మనోభావ పరిరక్షణ మండలిని పెట్టింది. మనది లౌకిక రాజ్యం. అంటే ప్రభుత్వానికి మతం లేదు. తనకి లేదు కాబట్టి ఉన్నవాళ్ళందరి మతాల గురించీ అదే ఆలోచించాలి. ఆలోచించగా తేలిందేమిటంటే, పుస్తకాలు వచ్చాక జనం నొచ్చుకోవడం, బస్సుల అద్దాలు పగలడం, ఆ తర్వాత విచారణ, ఇదంతా వెనకబడిన పద్ధతి. ఇకమీదట ఏ పుస్తకమైనా అచ్చుకి వెళ్ళేముందు మూడు మతాల ప్రతినిధుల ఎదుట రచయితే పైకి చదవాలి. ప్రతినిధులకి తలా ఒక చేతిగంట ఇస్తారు. నొచ్చుకున్నవారు గంట కొట్టాలి. గంట మోగినప్పుడు ఏ వస్తువు గురించి చదువుతున్నారో అది ఆ క్షణం నుంచీ 'భావాస్పద వస్తువు' అయిపోతుంది. దాని గురించి రాయకూడదు, దాన్ని కదపకూడదు, కత్తిరించకూడదు, దానికి రంగు వేయకూడదు.

రేవులపాడుకి మనోభావాధికారిగా జగదీశ్వర పాత్రోగారు వచ్చారు. ఇస్త్రీ నలగని మనిషి, మాట కూడా ఇస్త్రీ చేసే మాట్లాడతారు. మొదటి రోజునే మాస్టారిని కూచోబెట్టి విధానం వివరించారు.

"శ్రీ సన్యాసిరావుగారూ, గాయమైన తరువాత మందు రాయుట నాటు వైద్యము. గాయము కాకమునుపే అధికారికముగా గాయపరచి, నమోదు చేసి, భద్రపరచుట శాస్త్రీయ పద్ధతి."

ఇంకో సంగతి కూడా చెప్పారు. లౌకిక రాజ్యంలో ఒక మతం ఎక్కువగా, ఇంకో మతం తక్కువగా నొచ్చుకుంటే అది పక్షపాతం కిందికి వస్తుంది. కాబట్టి రోజు ముగిసేసరికి మూడు గంటలూ సమానంగా మోగి ఉండాలి. వరసగా కొన్నాళ్ళు గంట కొట్టని ప్రతినిధి మనోభావాలు మొద్దుబారాయని నిర్ణయించి, పదునైనవాళ్ళని తెచ్చి ఆయన కుర్చీలో కూచోబెడతారు.

మండలికి ఇచ్చిన ఆఫీసు ఒకప్పటి పశువుల ఆస్పత్రి. పైన సిమెంటు రేకులు, లోపల తిరగని ఫాను. మొదటి గంటలోనే ప్రతినిధులు ముగ్గురూ చెమటలు కక్కుతూ బయటికొచ్చి, రోడ్డు వారగా ఉన్న కానుగచెట్టు కింద కుర్చీలు వేయించుకున్నారు. పాత్రోగారు తన బల్ల కూడా అక్కడికే మోయించారు. పక్కనే నూకాలమ్మ టీ బండి. ఆ విధంగా మండలి కార్యాలయం కానుగ నీడలోకి మారింది.

ప్రతినిధులు ముగ్గురూ నిజానికి ఎవరిమీదా నోరు చేసుకోని మనుషులు. అనంతాచార్యులుగారు రామాలయంలో అర్చకులు, కూచుంటే కునుకు పడుతుంది. మదీనా సాహెబుకి బజార్లో టైలరింగు దుకాణం ఉంది. మసీదు పెద్దల్లో ఆయనొకరు. కృపాదానం పాస్టరుగారు చర్చిలో పాటలు నేర్పుతారు, మనిషి కన్నా గొంతు పెద్దది. ముగ్గురి పిల్లలూ మాస్టారి దగ్గరే చదివారు. అందుకని గంటలు ఒళ్ళో పెట్టుకుని కాస్త సిగ్గుపడుతూ కూచున్నారు.

మాస్టారు మొదట బస్టాండు దగ్గరి రావిచెట్టు అధ్యాయం చదివారు. కాకులు రెట్టలు వేస్తే గోడ పగుళ్ళలో రావి మొలుస్తుందని అందులో ఉంది. చదువుతుండగా ఆచార్యులుగారు కునికి, ఒళ్ళో గంట జారి మోగింది. పాత్రోగారు వెంటనే కలం తీశారు. పొరపాటున మోగిందని ఆచార్యులుగారు చెప్పబోయారు గాని, మోగిన గంటని వెనక్కి తీసుకునే వీలు నిబంధనల్లో లేదట. ఆలోచించి చూస్తే రావికీ రెట్టకీ ముడిపెట్టడం కొంచెం బాధగానే ఉందని ఆయన ఒప్పుకున్నారు.

ఇప్పుడు లెక్క తేడా వచ్చింది. పాత్రోగారు మిగతా ఇద్దరి వైపూ ఆత్రంగా చూశారు. తర్వాతి అధ్యాయం మసీదు ముందున్న బాదంచెట్టు. నమాజుకి వచ్చినవాళ్ళు దాని నీడలో చెప్పులు విడిస్తే, ఆ చెప్పుల మీద మేకలొచ్చి పడుకుంటాయని మాస్టారు రాశారు. సాహెబు పకపకా నవ్వారు. అది బాధతో వచ్చిన నవ్వా అని పాత్రోగారు అడిగారు. నిజంగానే పడుకుంటాయండీ, మొన్న నా చెప్పు ఒకటి నమిలేసింది కూడా అన్నారు సాహెబు. లౌకికత్వం తూకం తప్పుతోందని పాత్రోగారు గుర్తు చేశాక, ఆయన మొహం అటు తిప్పుకుని గంట కొట్టి, మాస్టారి చెవి దగ్గరకి వంగి, "ఏమనుకోకండి మాస్టారూ, మేకల సంగతి బలేగా రాశారు" అన్నారు.

పాస్టరుగారి వంతు సరుగుడుచెట్టు దగ్గర వచ్చింది. మన వైపు క్రిస్మస్‌కి అందరూ సరుగుడు కొమ్మే నరికి నక్షత్రాలు కడతారు. దానికీ సీమ దేశాల క్రిస్మస్ చెట్టుకీ ఏ చుట్టరికమూ లేదని మాస్టారు రాశారు. చుట్టరికం లేకపోయినా మా ఊళ్ళో అదే చెట్టు అని పాస్టరుగారు గంట కొట్టారు. తూకం సరిపోయింది. పాత్రోగారు సంతృప్తిగా తల ఊపి, నేడు లౌకికత్వము నిలబడినదని ప్రకటించి అందరికీ టీ చెప్పారు.

మాస్టారికి మాత్రం ఆ టీ గొంతు దిగలేదు. మూడు అధ్యాయాలు పోయాయి. ఇలా పోతే చివరికి అట్ట మిగుల్తుంది. ఇంటికెళ్ళి వరండాలో కూలబడితే అప్పలనర్సమ్మ చూసి, "ఏటండీ, ఎవులైనా పోయారేటి" అని అడిగింది. రావి పోయింది, బాదం పోయింది, సరుగుడు పోయిందని ఆయన అన్నారు. పోయింది కాయితాలే గదా, సెట్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి గదా అని ఆవిడ కంచం పెట్టింది. అందులో ఎంత అర్థముందో ఆ పూట ఇద్దరికీ తెలియదు.

అది తెలిపినవాడు తవిటినాయుడు. రోడ్ల శాఖలో అసిస్టెంటు ఇంజనీరు. కొట్టాల్సిన చెట్లకి ఎర్రరంగు గుర్తులు పెట్టడానికి డబ్బా, కుంచె పట్టుకుని వచ్చాడు. రావి దగ్గర మండలి బంట్రోతు ఆపాడు. బాదం దగ్గర ఆపాడు. సరుగుడు దగ్గరా ఆపాడు. తవిటినాయుడు డబ్బా పట్టుకుని నేరుగా కానుగ కిందికొచ్చి, పాత్రోగారితో వాదించి, ఓడిపోయి, నూకాలమ్మ బండి దగ్గర మాస్టారి పక్కన చతికిలబడ్డాడు.

"మాస్టారండీ, మీకు దండం పెడతాను, ఇక చదవకండి. మీరు ఒక పేజీ తిప్పితే నాకు ఒక చెట్టు పోతోంది. భావాస్పదం అంటే గొడ్డలి పెట్టడానికి లేదంట."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేశారు. ఏ పుస్తకం కోసం ఇన్నేళ్ళు ఎండల్లో తిరిగారో, ఏ పుస్తకం చెట్లని కాపాడుతుందని ఆశపడ్డారో, అది అచ్చయితే చెట్లు పోతాయి. అది అచ్చు కాకుండా పోతే చెట్లు ఉంటాయి. ఇందులో ఎటు మొగ్గాలో తేల్చుకోడానికి ఆయనకి గ్లాసులో టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. అయినా ఒళ్ళోని రాతప్రతిని ఒకసారి అరచేత్తో నిమిరారు. రచయిత కదా.

మర్నాటి నుంచీ సన్యాసిరావు మాస్టారు చదివే తీరే మారిపోయింది. గొంతు సవరించుకుని, ప్రతినిధుల కళ్ళలోకి చూస్తూ, నొచ్చుకునే చోట ఆగి మరీ చదివేవారు. వేపచెట్టుకి పసుపూ కుంకుమా మెత్తితే బెరడుకి ఊపిరాడదని రాతలో లేని వాక్యం కలిపి ఆచార్యులుగారి వైపు ఆశగా చూశారు. ఆచార్యులుగారు, నిజమే సుమండీ, ఇకమీదట పలచగా రాయమని చెబుతానన్నారు. మాస్టారికి కంగారు పుట్టింది. అలా ఒప్పేసుకుంటే ఎలా స్వామీ, అమ్మవారి చెట్టు కదా, కొంచెం మనసు పెట్టి వినండని బతిమాలి, మళ్ళీ చదివి, గంట మోగించుకున్నారు.

చింతచెట్టు దగ్గర చిక్కొచ్చింది. చింత మీద దయ్యాలు లేవని మాస్టారు రాశారు. లేని దయ్యాలు ఎవరి శాఖ కిందికి వస్తాయో తేలలేదు. దయ్యాలతో మాకు లావాదేవీలు లేవని ఆచార్యులుగారు అన్నారు. ఉంటే ఉంటాయి గాని మావి చింతలో ఉన్నట్టు ఎప్పుడూ వినలేదని సాహెబు అన్నారు. ఆ చింత మీది దాన్ని కిందటి ఏడు తానే ప్రార్థన చేసి వెళ్ళగొట్టాననీ, అసలు లేదంటే తన కష్టం ఏమైనట్టని పాస్టరుగారు గంట అందుకున్నారు. మాస్టారు లేచి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేరేడు దగ్గర, మీకొకటి తక్కువైంది, ఇది మీరు తీసుకోండని ఆయనే సాహెబుకి అప్పజెప్పారు. సాహెబు మొహమాటపడుతూ తీసుకున్నారు.

తన పుస్తక నిషేధానికి ఇంత చిత్తశుద్ధితో సహకరించిన రచయితను మండలి ఇదివరలో చూడలేదని పాత్రోగారు పొంగిపోయారు. వీరికి శాలువా కప్పవలెనని పైకి సిఫార్సు కూడా పంపారు. తవిటినాయుడు రోజూ వచ్చి డబ్బా మూత తియ్యకుండానే తిరిగి వెళ్ళేవాడు.

చివరికి ఒక్క అధ్యాయం మిగిలింది. అది కానుగ.

అన్నిటికన్నా ప్రేమగా రాసింది ఆ అధ్యాయమే. మాస్టారి తండ్రి రేవుకి ఎడ్లబండి తోలేవాడు. బళ్ళన్నీ ఈ కానుగ కిందే ఆగేవి. కాడి రాసుకుని ఎద్దుల మెడలు పుండ్లు పడితే, తండ్రి ఈ చెట్టు కాయలు ఆడించిన నూనె రాసేవాడు. చిన్న సన్యాసి బండి కింద గోనె పరుచుకుని, రాలిన కానుగ పూల మీద నిద్రపోయేవాడు. నిద్ర లేచేసరికి తండ్రి తువ్వాలు తన మీద కప్పి ఉండేది. ఇదంతా రాసి, చివర, ఈ చెట్టుని ఎవరు నాటారో తెలియదు, ఎవరి పేరూ అడక్కుండా నీడ ఇస్తుందని మాస్టారు ముగించారు.

ఆయన చదివారు. ముగ్గురూ కళ్ళార్పకుండా విన్నారు. ఆచార్యులుగారికి కునుకు కూడా పట్టలేదు. గంట మాత్రం మోగలేదు.

కానుగకి ఏ దేవుడూ లేడు. ఏ పండక్కీ దీని కొమ్మ నరకరు, ఏ కథలోనూ ఎవరూ దీని కింద కూచోలేదు, దయ్యాలు కూడా దీని మొహం చూడలేదు. మాస్టారు తడబడి, ఇంకేదైనా అనాలని చూశారు. ఆ చెట్టు గురించి చెడ్డమాట ఒక్కటీ నోటికి రాలేదు. అప్పటికే మూడు గంటల తూకమూ సరిగ్గా ఉంది కనక పాత్రోగారికి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

"కానుగ అధ్యాయమునకు అభ్యంతరము లేదు. రచయిత దీనిని నిరభ్యంతరముగా ముద్రించుకొనవచ్చును. వృక్షము మనోభావ రహితమని ధ్రువీకరించడమైనది."

తవిటినాయుడు రంగు డబ్బా మూత ఊడదీశాడు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "నాకు నొప్పిగా ఉందండీ" అన్నారు.

పాత్రోగారు సానుభూతితో కలం ఎత్తి, మతం ఏమిటని అడిగారు. ఏ మతమూ లేదని మాస్టారు చెప్పారు. పేరు సన్యాసిరావే గాని చిన్నప్పటి నుంచీ ఆయన గుడి మెట్టెక్కలేదు, ఇంకెక్కడా మోకాలు వంచలేదు. పాత్రోగారు నిబంధనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"మతము లేని వ్యక్తికి మనోభావములు ఉండునని చట్టము ఊహించలేదు. మీకు కలుగుచున్నది మరేదో అయి ఉండును. వైద్యునికి చూపించుకొనగలరు."

తవిటినాయుడు కుంచె ముంచాడు. ఎర్రరంగు చుక్క ఒకటి నేల మీద పడింది. మాస్టారు చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డారు. అంతకన్నా ఏం చేయాలో ఆయనకి తెలియలేదు.

అప్పుడు గంట మోగింది. సాహెబుది. అది ఆగకముందే పాస్టరుగారిది, దాని మీద ఆచార్యులుగారిది. ముగ్గురూ ఒకరి కోసం ఒకరు చూసుకోకుండా మోగించారు, మోగిస్తూనే ఉన్నారు. నూకాలమ్మ బండి దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ మూగారు.

పాత్రోగారు రెండు చేతులూ ఎత్తి ఆపించి, ఎవరికి, దేనివల్ల, ఏ మేరకు గాయమైందని అడిగారు. ముందు ఆచార్యులుగారే చెప్పారు. ఇన్నాళ్ళు ఇంత చల్లగా కూచోబెట్టిన చెట్టుకి మా పురాణాల్లో ఒక్క శ్లోకమైనా లేకపోవడం నన్ను నొప్పించింది అన్నారు. మాకూ అదే బాధ, మా పెద్దలెవరూ దీని ఊసెత్తలేదు, సిగ్గుగా ఉందని సాహెబు అన్నారు. మా పాటల్లో లేని చెట్టు లేదు, ఇదొక్కటే లేదు, ఇది మాకు జరిగిన అవమానమని పాస్టరుగారు గొంతు ఎత్తేసరికి ఆకులు కదిలినంత పనయింది.

పాత్రోగారి మొహంలో రక్తం లేదు. ఒక మతం ఇంకొకరి వల్ల నొచ్చుకోవడానికి మండలి ఫారంలో గడి ఉంది. ముగ్గురూ ఒకే దానికి, ఒకే కారణంతో, ఒకేసారి నొచ్చుకోవడానికి గడి లేదు. అలాంటిది జరగదన్న నమ్మకం మీదే మండలి పుట్టింది. జరిగిందని రాస్తే, మరి మండలి ఎందుకన్న ప్రశ్న పైనుంచి వస్తుంది. జరగలేదని రాద్దామంటే ఊరంతా విన్నారు. ఆయన చాలాసేపు కలం నమిలి, విషయము పై అధికారుల పరిశీలనకు పంపడమైనది, అంతవరకు యథాతథస్థితి అని రాశారు. తవిటినాయుడు డబ్బా మూత పెట్టేసి, నూకాలమ్మని ఒక స్ట్రాంగు టీ అడిగాడు.

పుస్తకాన్ని నిషేధించారు. కానుగ సంగతి తేలలేదు కాబట్టి దాని అధ్యాయానికి ఇచ్చిన అనుమతి కూడా ఆగిపోయింది. అయితే ఏం చదవకూడదో జనానికి స్పష్టంగా తెలియాలి గనక, నిషేధపుటుత్తర్వులో అభ్యంతరకరమైన భాగాలన్నీ పూర్తిగా అచ్చు వేయాలట. వివాదాస్పదమైనవి కూడా వేయాలట. ఆ లెక్కన పుస్తకం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ప్రభుత్వ గెజెట్‌లో వచ్చింది. ప్రతి బడికీ ప్రతి పంచాయతీ ఆఫీసుకీ ఒక్కో ప్రతి వెళ్ళింది. అప్పలనర్సమ్మ దాన్ని తిరగేసి, అచ్చుతప్పులు కూడా లేవు, మీ పేరు కింద ముద్దాయి అని వేశారు, అంతే అంది.

రోడ్డు వెడల్పయింది. కాకపోతే రావి దగ్గర ఎడమకి, బాదం దగ్గర కుడికి, సరుగుడు దగ్గర మళ్ళీ ఎడమకి తిరుగుతూ రేవుకి పోతుంది. బస్సు డ్రైవర్లు తిట్టుకుంటారు. పిల్లలకి మాత్రం బలే ఇష్టం, మలుపు మలుపుకీ కేరింతలు కొడతారు.

కానుగ మీద పైనుంచి జవాబు వచ్చింది. ఉమ్మడి మనోభావము చట్టమునకు విరుద్ధము, కనుక ప్రతినిధులు ప్రతి మధ్యాహ్నము సదరు వృక్షము కిందనే సమావేశమై, ఆ బాధ తమలో ఎవరిదో తేల్చవలెను, తేలువరకు వృక్షమును ముట్టరాదు అని అందులో ఉంది.

అందుకని ముగ్గురూ రోజూ వస్తున్నారు. టీలు తెప్పించుకుంటారు. ఈ బాధ మీదే అయి ఉంటుందని ఆచార్యులుగారు సాహెబుతో అంటారు. నాకంటే పాస్టరుగారికే ఎక్కువ నొచ్చిందని సాహెబు అంటారు. పాస్టరుగారు ఎంతో వినయంగా దాన్ని మళ్ళీ ఆచార్యులుగారికే అప్పజెబుతారు. నేడు కూడా తేలలేదని పాత్రోగారు రాసుకుంటారు. ఈమధ్య ఆ వాక్యం రాసేటప్పుడు ఆయన చొక్కా పై గుండీ ఊడి ఉంటోంది.

మాస్టారు కూడా వస్తారు. నిషేధించిన పుస్తకం చదవకూడదు గాని గెజెట్ చదవచ్చు. ఒక పూట, మీ నాన్నగారి బండి సంగతి ఇంకోసారి వినిపించండని పాత్రోగారే నెమ్మదిగా అడిగారు. మాస్టారు చదవడం మొదలుపెట్టారు. ఎద్దుల మెడకి నూనె రాయడం దాకా బాగానే వచ్చింది. తువ్వాలు దగ్గరకి వచ్చేసరికి చదవడం ఆపేశారు. కళ్ళజోడు తీసి పంచె చెరగుతో కళ్ళు తుడుచుకున్నారు. ముగ్గురు ప్రతినిధులూ తలలు వంచుకున్నారు.

పాత్రోగారు అలవాటు కొద్దీ కలం తీశారు. మతం లేనివారికి మనోభావాలు ఉండవన్న నిబంధన గుర్తొచ్చి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.